పద్నాలుగో ఫిరంగి

కంట్రోల్ రూములో ఫోన్ మోగితే, అవతల ఎవరో ఎత్తేవాడికి ముందే తెలుసు. ఆ కొండమీద మంచు చేసే రోజుల్లో ఫోన్ చేసేది జెల్మీనా ఒక్కతే. తక్కినవాళ్ళంతా మంచు కావాలని దేవుణ్ణి అడుగుతారు. ఈవిడ మాత్రం వద్దని కంపెనీని అడుగుతుంది.

"ఆ పద్నాలుగోదాన్ని మీరు ఆపుతారా, నన్నే గొడ్డలి పట్టుకుని రమ్మంటారా?"

"ఒరెస్తెని పంపిస్తున్నామమ్మా, పంపిస్తున్నాం" అనేవాడు ఎర్మెస్, రిసీవర్ని చెవికి జానెడు దూరంలో పట్టుకుని. వాడి ముందు తెరమీద కొండ మొత్తం చుక్కలు చుక్కలుగా కనబడుతూ ఉండేది. ఒక్కో చుక్క ఒక్కో మంచు ఫిరంగి, నీళ్ళని మంచుగా మార్చి చిమ్మే యంత్రం.

వాడు ఫోన్ పెట్టేసి ఇటు తిరిగేసరికి ఒరెస్తె చేతితొడుగులు వేసేసుకుని గుమ్మంలో ఉండేవాడు.

సెర్వా వాలు కొండకి నీడవైపు ఉంది. నవంబరులో శిఖరం చాటుకు పోయిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరిలో గాని ఆ వైపు తొంగిచూడడు. మంచు నిలవడానికి అంతకన్నా మంచి చోటు లేదని కంపెనీ అక్కడ స్కీ బాట వేసింది. మనిషి నిలవడానికి అంతకన్నా చెడ్డ చోటు లేదని ఊళ్ళో జనం ఒక్కొక్కరే ఎండవైపుకి ఇళ్ళు మార్చేశారు. వాలు అడుగున, చివరి మలుపులో, పొగ వచ్చే పొగగొట్టం ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అది జెల్మీనా ఇల్లు. ఆవిడ వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా కొండ కనబడదు, పద్నాలుగో నంబరు ఫిరంగి కనబడుతుంది.

ఒరెస్తె ఆ పనిలోకి వచ్చిన కొత్తలో ఫిరంగుల వరసమీద ఆరుగురుండేవారు. కొండచిలువల్లాంటి గొట్టాలు భుజాన వేసుకుని లాగేవారు, నీళ్ళు గడ్డకడితే బూతులు తిట్టేవారు, సారా సీసా ఒకటి చేతులు మారుతూ వరస ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చేది. ఒరెస్తె దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ అడుగంటేది, అదొక తగువు. తరువాత ఫిరంగులు తెలివిమీరాయి. చలి వచ్చిందో లేదో అవే చూసుకుంటాయి, అవే మొదలెడతాయి, అవే ఆగుతాయి. ఆరుగురిలో ఇద్దరు పోయారు, ముగ్గురు పింఛను తీసుకుని కింద పట్నానికి దిగారు. పాతరకం ఫిరంగులు కింది వరసలో కాసిని మిగిలాయి గనుక, వాటికి ఒక మనిషి మిగిలాడు. పెళ్ళి చేసుకోలేదు. ట్రాక్టర్ల షెడ్డు మీది గదిలో ఉంటాడు. పొద్దున్న మొక్కజొన్న సంకటి కలుపుకుంటే దాన్నే సాయంత్రం ముక్కలు కోసి వేయించుకుని జున్నుతో తింటాడు. మాట్లాడటానికి మనిషి లేక ఫిరంగులతో మాట్లాడేవాడు గాని, వాటి మోతే వాటికి చాలు, ఎదుటివాడి మాట వినవు.

పాత ఫిరంగితో పని ఇలా ఉంటుంది. నేలలో ఇనుప మూత ఎత్తి, గొట్టం తగిలించి, కొళాయి కొద్దికొద్దిగా విప్పాలి. ఫ్యాను అందుకుని ఆ తుంపరని ఆకాశంలోకి విసురుతుంది. అప్పుడు కాస్త దూరం నడిచి, దాని కింద నిలబడి, చెయ్యి చాచాలి. కోటు చేతిమీద పడిన పలుకులు ఎగిరి దొర్లిపోతే మంచి మంచు. అంటుకుని మరకైతే తడి ఎక్కువైనట్టు, కొళాయి కట్టాలి. కొత్తవాటికి ఈ లెక్కంతా తెరమీద వస్తుంది, తప్పు లేకుండానే వస్తుంది, ఒరెస్తె కూడా కాదనడు. తెర లేని ఫిరంగికి కోటు చెయ్యే దిక్కు.

పద్నాలుగోదాని కింద అతడు చెయ్యి చాచేసరికి జెల్మీనా తలుపు దభాలున తెరుచుకునేది. బూడిదరంగు ఉన్ని స్వెట్టరు, కాళ్ళకి మొగుడి పాత బూట్లు. మొగుడు స్కీవాళ్ళని కొండెక్కించే లిఫ్టు దగ్గర టికెట్లు చూసేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. కోళ్ళున్నాయి.

"వచ్చావా? నా కోళ్ళు చచ్చాక దినానికి వస్తావనుకున్నా."

"ఏమైంది కోళ్ళకి?"

"గుడ్లు మానేశాయి. ఈ దిక్కుమాలిన మోతకి మనిషికే మతిపోతుంటే కోడికి పోదా?"

"కిందటేడు నక్క వల్ల మానేశాయన్నావు."

"నక్క వచ్చి పని చూసుకుని పోతుంది. నువ్వు పొద్దస్తమానం ఇక్కడే. ఏది నయమంటావు?"

అంటూనే ఆవిడ కంచె దగ్గరకి వచ్చి తనూ చెయ్యి చాచేది. ఇన్నేళ్ళుగా చూసి చూసి నేర్చుకుంది. స్వెట్టరు చేతిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పెదవి విరిచి, తీర్పు చెప్పేది.

"తడి. సంకటిలా ఉంది నీ మంచు. దీనిమీదికి స్కీలు కాదు, గరిటెలు పట్టుకుని రావాలి జనం."

"తడి కాదు తల్లీ. ఉన్నికి ఏదైనా అంటుకుంటుంది. నా కోటు చూడు, ఎలా దొర్లిపోతోందో."

"నీ కోటుకి పట్టిన జిడ్డుకి చారు పోసినా దొర్లిపోతుంది."

ఒరెస్తె కొళాయి ఒక చుట్టు కట్టేవాడు. ఫిరంగి మెడ దగ్గర బిగింపు వదులుచేసి, దాని మూతిని ఆవిడ ఇంటికి అటువైపు తిప్పేవాడు. మర్నాటికి గాలికి అది ఎలాగూ తిరిగి వచ్చేది. ఈలోగా జెల్మీనా లోపలికి వెళ్ళి ఒక కప్పు తెచ్చి కంచె గుంజమీద పెట్టేది.

"కాఫీ మిగిలిపోయింది. పారబొయ్యడం ఎందుకని."

ప్రతిరోజూ ఒక కప్పు మిగిలేది. పొగలు కక్కుతూ మిగిలేది. ఒరెస్తె ఆ సంగతిమీద ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఇవతల నిలబడి తాగేవాడు, ఆవిడ అవతల నిలబడి కంపెనీని తిట్టేది, అతడు కప్పు గుంజమీద పెట్టి వెళ్ళిపోయేవాడు. కంచె ఎప్పుడూ దాటలేదు. ఆ రోజుకి అతడు మనిషితో మాట్లాడింది అంతే, బహుశా ఆవిడ కూడా అంతే.

ఎందుకు దాటలేదంటే, ఆ లోయలో పని లేకుండా ఒకరి గడప తొక్కరు. రంపం అరువడగాలి, పశువుల డాక్టరు వస్తున్నాడని కబురు చెప్పాలి, కనీసం చిల్లుపడిన బకెట్టైనా చేతిలో ఉండాలి. "ఊరికే వచ్చాను" అనే మాట అక్కడ పుట్టలేదు. అన్నవాడు తాగి వచ్చాడనుకుంటారు, లేదా చావు కబురు ఎలా చెప్పాలో తెలియక నసుగుతున్నాడనుకుంటారు. ఒంటరి ఆడమనిషి ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు. జెల్మీనా మొగుడు పోయినప్పుడు ఊరంతా వచ్చింది. అది పని గనుక వచ్చింది. ఆ తరువాత ఎవరికీ అటువైపు పని పడలేదు, ఒక్క ఒరెస్తెకి తప్ప.

ఆ ఏడు కంపెనీకి దెబోరా అనే కొత్త ఇంజనీరు వచ్చింది. మంచి మనిషి. అదే చిక్కయింది. పాతవాళ్ళు నవ్వి వదిలేసిన ఫిర్యాదుల్ని ఆమె కూర్చుని చదివింది. ఒక ముసలావిడ ఇన్నేళ్ళుగా మొత్తుకుంటుంటే ఎవరూ పట్టించుకోలేదా అని నిజంగా బాధపడింది. ఒకరోజు పొద్దున్నే ఒరెస్తెని పిలిచి కూర్చోబెట్టింది.

"ఒరెస్తె గారూ, మీకూ ఆవిడకీ ఇద్దరికీ విముక్తి. పద్నాలుగోది తీసేసి కొత్తది పెట్టిస్తున్నాను. ఎంత మెత్తగా ఉంటుందంటే, పక్కన నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు."

"కొళాయి?"

"కొళాయేంటండీ, అన్నీ ఇక్కణ్ణుంచే. ఎర్మెస్ మీట నొక్కితే మొదలు, నొక్కితే బంద్. మీరిక రోజూ అంత దూరం దిగక్కర్లేదు. పైన పంపుహౌసు చూసుకోండి, అక్కడ హీటరు కూడా ఉంది. మీ మోకాళ్ళకి మంచిది."

"నా మోకాళ్ళు బానే ఉన్నాయి" అన్నాడు ఒరెస్తె. అప్పటికే ఎర్మెస్ చప్పట్లు కొడుతున్నాడు, ఎవరికీ వినబడలేదు.

ఆ రోజు కంచె దగ్గర జెల్మీనా చెయ్యి చాచబోతుండగా చెప్పాడు.

"నీ ఫోన్లు పనిచేశాయి. కొత్తది పెడుతున్నారు. మోతుండదట."

ఆవిడ చెయ్యి సగంలో ఆగింది. "అసలుండదా?"

"నీ కాఫీ కూజా ఇంకా ఎక్కువ అరుస్తుందట."

"మరి దీన్ని తిప్పడానికి ఎవరొస్తారు?"

"తిప్పే పనే ఉండదు. నడపడం, ఆపడం అంతా గదిలోంచే."

"ఓహో." జెల్మీనా ఫిరంగి వంక చూసింది, బూట్ల వంక చూసుకుంది. "మంచిదే. కోళ్ళకి ప్రాణం లేచొస్తుంది."

"అవును. కోళ్ళకి మంచిదే."

కప్పు ఖాళీ కాకుండానే ఆవిడ గుంజమీద నుంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ అడిగింది దక్కింది కదా, సంతోషంగానే ఉండి ఉంటుంది అనుకున్నాడు ఒరెస్తె. వాలు ఎక్కుతుంటే మోకాళ్ళు నిజంగానే నొప్పి పుట్టాయి.

కొత్త ఫిరంగి వచ్చింది. దెబోరా అబద్ధం చెప్పలేదు, అది గుసగుసలాడినట్టే పనిచేసింది. కంట్రోల్ రూములో ఫోన్ మోగడం మానేసింది. మొదటి వారం ఎర్మెస్ దానిమీద దుమ్ము తుడిచి చూపించేవాడు, రెండో వారం దాని పక్కనే కేకు కోశారు. "పీడా విరగడైంది" అన్నారెవరో. ఒరెస్తె తన ముక్క తిని, బాగుందని చెప్పి, పైన పంపుహౌసుకి వెళ్ళిపోయాడు.

పంపుహౌసులో హీటరు ఉంది, కుర్చీ ఉంది, గోడకి గడియారం ఉంది. పంపులు రోజంతా ఒకే శ్రుతిలో గురక పెడుతుంటాయి. చెప్పాల్సిన మాటలు ఒరెస్తె నోట్లో పోగుపడసాగాయి. ఒకనాడు కిటికీలోంచి నక్క కనబడింది, ఫిరంగులకి నీళ్ళు తోడే చెరువు గట్టున నిలబడి నీళ్ళవంక అనుమానంగా చూస్తూ. ఈ సంగతి చెప్పదగిన మనిషి అతడికి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు. నక్క దిగువకి, కోళ్ళ వైపుకి పోయి ఉంటే అది పనయ్యేది, వెళ్ళి హెచ్చరించి రావచ్చు. ఆ నక్క ఎగువకి పోయింది. ఒరెస్తెకి దానిమీద ఒళ్ళు మండింది.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక పానా ఒకటి పట్టుకుని కిందికి దిగాడు. కొత్త పద్నాలుగు దగ్గర నిలబడి చుట్టూ తిరిగి చూశాడు. బిగించడానికి ఒక్క మర కూడా వదులుగా లేదు. అటు వంటింట్లో దీపం వెలుగుతోంది. కర్టెను కదిలిందనిపించింది, కదల్లేదనిపించింది. చెయ్యి చాచాడు. మంచు ముత్యాల్లా దొర్లిపోయింది, వంక పెట్టడానికి లేదు. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా నిలబడి, పానా జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. ఆ సాయంత్రం సంకటి ముక్కలు వేయించుకోలేదు, చల్లగానే తిన్నాడు. ఒంటరితనం అంటే ఏమిటో అతడికి కొత్త కాదు, కాని ఇంతకుముందు దానికి మధ్యలో ఒక కప్పు కాఫీ అంత తెరిపి ఉండేది. ఇప్పుడు అది కూడా లేదు.

ఆ బాధలోనే ఆ వెర్రి ఆలోచన పుట్టింది. మర్నాడు తెల్లవారగానే మళ్ళీ దిగి, ఫిరంగి మెడ దగ్గర బిగింపు వదులుచేసి, దాని మూతిని జెల్మీనా కంచె వైపుకి కాస్తంత తిప్పి, మళ్ళీ బిగించాడు. మీట నొక్కి ఆపగలరు, నడపగలరు గాని మెడ మాత్రం ఇప్పటికీ మనిషే వచ్చి తిప్పాలి. కంచెమీద కాస్త పొడి రాలుతుంది. ఆవిడ అగ్గిమీద గుగ్గిలమవుతుంది. ఫోన్ చేస్తుంది. ఒరెస్తెని పంపిస్తారు. అంతే అతడి లెక్క. విరిగిన గొట్టం మూతి ఒకటి బాగుచేసే నెపంతో కంట్రోల్ రూములో ఫోన్ పక్కనే కూర్చున్నాడు. ఒకసారి మోగింది. చేతిలో సుత్తి జారిపోయింది. గొట్టాల దుకాణంవాడు.

అతడి లెక్కలో లేనిది చలి. ఆ రోజు దిగిన చలి ఆ చలికాలంలోకెల్లా మేలైనది. ఎండుగా, నిలకడగా, చుక్క వృథా పోకుండా మంచు చేసే చలి. పండుగ సెలవులకి బాట తెరవాలి గనుక ఫిరంగులన్నిటినీ పూర్తి జోరుమీద పెట్టమంది దెబోరా. అదే సమయానికి పైన చెరువు దగ్గర పెద్ద గొట్టం పగిలింది. ఒరెస్తెని పైకి పరిగెత్తించారు. ఆ రోజూ మర్నాడూ అక్కడే గడ్డకట్టిన మట్టి తవ్వుతూ, పంపుహౌసు బల్లమీదే నడుం వాల్చి గడిపాడు. కింద ఏమవుతోందో అని మధ్యమధ్య అనుకుంటూనే ఉన్నాడు. అలిగి ఉంటుంది, అలిగితే అలిగిందిలే, వస్తుంది ఫోన్, అని సర్దిచెప్పుకున్నాడు.

మూడోనాటి మధ్యాహ్నానికి గొట్టం అతికింది. రేడియో అందుకున్నాడు.

"ఎర్మెస్, కిందనుంచి ఫోనేమన్నా వచ్చిందా?"

"ఏ ఫోనూ లేదు మామా, ప్రాణం హాయిగా ఉంది. నీ పద్నాలుగైతే బ్రహ్మాండం. మొన్నట్నుంచీ పచ్చదీపమే, ఎడాపెడా పోసేస్తోంది."

ఎక్కడ పోస్తోందో తెలిసినవాడు కొండమీద ఒక్కడే. ఒరెస్తె రేడియోని నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఆపు."

"ఏంటి?"

"పద్నాలుగు ఆపెయ్. ఇప్పుడే ఆపు!"

ఎందుకో చెప్పకుండా రేడియో విసిరేసి, పార స్నో స్కూటరుమీద పడేసి కిందికి దూసుకొచ్చాడు. చివరి మలుపు తిరగగానే బండి ఆపేశాడు. కంచె లేదు. గుంజ లేదు. ఫిరంగి ముందునుంచి ఇంటి గోడ దాకా ఒక్కటే తెల్లదిబ్బ, కింది అంతస్తు దాని వెనక ఉంది. తలుపు కనబడలేదు, వంటింటి కిటికీ కనబడలేదు. పొగగొట్టంలో పొగ లేదు.

"జెల్మీనా!"

ఆకాశంనుంచి రాలే మంచు దూదిలాంటిది, కాలితో తన్నినా తప్పుకుంటుంది. ఫిరంగి మంచు అలా కాదు, పడి ఒక రాత్రి గడిస్తే గచ్చులా బిగుసుకుంటుంది. పార దెబ్బకి ఠంగుమంది. ఒరెస్తె పిలుస్తూ తవ్వాడు, తవ్వుతూ తిట్టుకున్నాడు. ముఖానికి చెమట పట్టి, పట్టిన చెమట గడ్డకట్టింది. నా చేతులతో నేనే చేశాను, నా చేతులతో నేనే, అని అతడి బుర్రలో అదొక్కటే తిరుగుతోంది. ఆమె చచ్చిపోయి ఉంటే నేనూ ఈ దిబ్బమీదే కూర్చుండిపోతాను అనుకున్నాడు, ఆ అనుకోవడం ఉత్తుత్తిది కాదు. తలుపు చెక్క పారకి తగిలేసరికి లోపల కోడి ఒకటి కొక్కొరించింది.

తలుపు లోపలికి తెరుచుకుంది. జెల్మీనా ఓవర్‌కోటు వేసుకుని, దానిమీద దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. ముక్కు ఎర్రగా, పెదాలు నీలంగా ఉన్నాయి. పశువుల కొట్టంలోంచి లోపలి తలుపు గుండా తెచ్చుకుందేమో, కోళ్ళన్నీ వంటింట్లో తిరుగుతున్నాయి.

"ఇంతసేపా?" అంది.

ఒరెస్తె గుమ్మానికి ఆనుకున్నాడు. ఊపిరి అందలేదు. "పొయ్యి... పొయ్యి ఎందుకు ఆరిపోయింది?"

"కట్టెలు బయట పాకలో ఉన్నాయి. పాక ఆ దిబ్బకి అవతలుంది. నిన్న ఆయన కుర్చీ విరిచి పెట్టా. ఎలాగూ ఎవరూ కూర్చోట్లేదు."

"ఫోన్ చెడిపోయిందా?"

"ఎందుకు చెడిపోతుంది? భేషుగ్గా ఉంది."

"మరి చెయ్యొచ్చుగా! రోజుకి రెండుసార్లు చేసేదానివి, కొంప మునిగినప్పుడు చెయ్యవా?"

"చేస్తే?" జెల్మీనా దుప్పటి బిగించుకుంది. "ఆ గదిలో ఉన్న పిల్లాడు మీట నొక్కుతాడు. అది ఆగిపోతుంది. 'ఆపేశామమ్మా' అంటాడు. అంతేగా? మనిషి రాడు. ఇంటిని మంచు ముంచెత్తితే ఎప్పటికో అప్పటికి ఎవరో ఒకరు పార పట్టుకుని రాక తప్పదుగా."

ఒరెస్తె కింద కూలబడ్డాడు. కోడి ఒకటి వచ్చి అతడి బూటు పొడిచి చూసింది.

"దాన్ని ఇటు తిప్పింది నేనే, జెల్మీనా."

"చూశాను."

"చూశావా?"

"పైగది కిటికీలోంచి. దానికి ముందురోజు పానా పట్టుకుని నిలబడ్డావు, అదీ చూశాను. పిలుద్దామనుకున్నా. ఏ పనుందని పిలవను? తిట్టడానికి మోత కూడా లేదాయె."

అప్పుడు ఒరెస్తెకి కోపం వచ్చింది. భయం పోయాక వచ్చే కోపం అది. "బుద్ధుందా నీకు? చలికి బిగుసుకుపోయి చచ్చిపోయుంటే?"

"చచ్చిపోతే ఊరంతా వచ్చేది" అంది జెల్మీనా మామూలుగా. "అప్పుడు పని కదా."

ఒరెస్తె కళ్ళు తుడుచుకుని లేచి, పాకదాకా దారి తవ్వి, రెండు చేతులనిండా కట్టెలు తెచ్చాడు. మోకాళ్ళమీద కూర్చుని పొయ్యి రాజేశాడు. మంట అందుకున్నాక వెళ్ళిపోదామని పార తీసుకున్నాడు గాని, అప్పటికే ఆవిడ కాఫీ కూజా పొయ్యిమీద పెట్టింది. కుర్చీ లేదు గనుక కట్టెల పెట్టెమీద కూర్చోమంది. ఆ ఇంట్లో అతడు కూర్చోవడం అదే మొదలు. బూట్లనుంచి నీళ్ళు కారి నేలమీద మడుగు కట్టాయి.

కప్పు చేతికిస్తూ చెప్పింది. "మిగిలింది కాదు. ఇప్పుడే పెట్టింది."

"తెలుస్తోంది" అన్నాడు ఒరెస్తె.

గూట్లో బుట్టనిండా గుడ్లు ఉన్నాయి. మోత ఆగింది మొదలు కోళ్ళు పెడుతూనే ఉన్నాయట, తినేవాళ్ళు లేక పోగుపడ్డాయట. ఆవిడ నాలుగు పగలగొట్టి పెనంమీద వేసింది. అతడు నక్క సంగతి చెప్పాడు. చెరువు గట్టుమీద ఎలా నిలబడిందో, నీళ్ళని ఎలా చూసిందో, తోక ఎటు పెట్టిందో, అంతా చెప్పాడు. ఆవిడ మధ్యలో రెండుసార్లు "అబద్ధం" అంది. వేడికి ఆవిడ పెదాల నీలం మెల్లగా వదిలింది.

"ఈ దిబ్బంతా ఎప్పటికి తీస్తావు?" అని అడిగింది పళ్ళేలు తీస్తూ.

తెరిచిన తలుపులోంచి ఒరెస్తె అటు చూశాడు. షెడ్డులోంచి ట్రాక్టరు తెచ్చి ముందు పలక దించితే, ఇంకో కప్పు కాఫీ చల్లారేలోపు వాకిలంతా శుభ్రమవుతుంది.

"పారతో రోజూ కాస్త తీస్తే, ఎండ ఇటు తిరిగేసరికి అయిపోవచ్చు."

"మీకు ట్రాక్టరుందిగా."

"పాడైంది."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున."

జెల్మీనా నవ్వలేదు. కోటు విప్పి స్వెట్టరుతో గుమ్మంలోకి వెళ్ళింది. అతడు తవ్విపోసిన మంచు గుప్పెడు తీసుకుని చేతిమీద పోసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఉన్నికి ఒక్క పలుకు కూడా అంటుకోలేదు, అంతా దొర్లి గడపమీద రాలింది.

"తడి" అంది. "రేపొచ్చి సరిచెయ్యి."